రాజు పేరు పోయి గుర్రం పేరు నిలిచిన విగ్రహం

మెక్సికో సిటీ పాతబస్తీలో తకూబా వీధి మీద ఒక కంచు విగ్రహం ఉంది. గుర్రం మీద కూర్చున్న మనిషి. తలకు ఆకుల దండ, ఒంటి మీద రోమన్ చక్రవర్తుల వేషం, కుడిచేతిలో రాజదండం. ఆయన స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్. మెక్సికోను 300 ఏళ్లు ఏలిన స్పెయిన్ రాజుల వరసలో చివరివాళ్లలో ఒకడు. కానీ ఆ నగరంలో దాన్ని కార్లోస్ విగ్రహం అని పిలిచేవాళ్లు అరుదు. అందరికీ అది ‘ఎల్ కబయీతో’. అంటే బుజ్జి గుర్రం. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున్న కంచు గుర్రాన్ని జనం రెండు శతాబ్దాలుగా బుజ్జి గుర్రమనే పిలుచుకుంటున్నారు.

విగ్రహం పీఠం మీద ఒక పలక ఉంది. ఎవరు చేయించారు, ఎప్పుడు నిలబెట్టారు అనే వివరాలన్నీ చెప్పాక చివర ఒక వాక్యం ఉంటుంది: ‘మెక్సికో దీన్ని ఒక కళాఖండంగా భద్రపరుస్తోంది.’ నాకు ఈ కథంతా ఆ వాక్యంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ రాజును మేం గౌరవించడం లేదు, ఈ పనితనాన్ని గౌరవిస్తున్నాం అని ఒక దేశం రాతి మీద చెక్కించి మరీ చెప్పుకోవలసి వచ్చింది. అలా చెప్పుకోవలసిన అవసరం ఎందుకు వచ్చింది? స్వాతంత్ర్యం కోసం పదకొండేళ్లు నెత్తురు కార్చిన దేశం, తనను ఏలిన రాజు బొమ్మను కరిగించకుండా ఎందుకు ఉంచుకుంది? ఇన్ని గండాలు దాటిన ఆ విగ్రహం చివరికి బాగుచేస్తామని వచ్చినవాళ్ల చేతిలో ఎలా దెబ్బతింది? ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్దాం.

రాజుల విగ్రహాలు కూలుతున్న రోజుల్లో

1792 ఆగస్టులో పారిస్ జనం తమ రాజుల కంచు విగ్రహాలను తాళ్లు కట్టి లాగి పడేశారు. 1793 జనవరిలో పదహారో లూయీ తల తెగింది. ఆ లూయీ, స్పెయిన్‌లో రాజ్యం చేస్తున్న నాలుగో కార్లోస్ ఇద్దరూ బూర్బోన్ వంశం వాళ్లే. అలాంటి కాలంలో, 1794లో, మెక్సికోకు కొత్త వైస్రాయ్ దిగాడు. పేరు మిగేల్ దె లా గ్రూవా తలమాంకా, బ్రాన్సిఫోర్తె మార్క్విస్. మార్క్విస్ అంటే ప్రభువులకు ఇచ్చే ఒక బిరుదు. ఆయన భార్య స్పెయిన్ ప్రధాని గొదోయ్‌కి అక్కచెల్లెళ్లలో ఒకరు. పదవి రావడానికి ఆ చుట్టరికం చాలావరకు కారణం. మెక్సికోలో ఆయన పేరు చెబితే ఇప్పటికీ చరిత్రకారులకు ముందు గుర్తొచ్చేది లంచగొండితనం.

అవినీతి మీద గుసగుసలు పెరిగేకొద్దీ రాజభక్తి చాటుకోవలసిన అవసరమూ పెరుగుతుంది. రాజుగారికి గుర్రం మీద కూర్చున్న నిలువెత్తు విగ్రహం కట్టిస్తానని బ్రాన్సిఫోర్తె అనుమతి అడిగి తెచ్చుకున్నాడు. ఖర్చుకు విరాళాలు పోగుచేయించాడు. ఆ రాజు మెక్సికోలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అప్పట్లో స్పెయిన్ రాజుల్లో ఎవరూ పెట్టలేదు. సముద్రం అవతల ఉన్న ప్రభువు ఇక్కడ ఉన్నట్టే కనిపించాలంటే విగ్రహం ఒక్కటే దారి.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న కాలేదు. నగరం నడిబొడ్డున, వైస్రాయ్ భవనానికీ కెథడ్రల్‌కీ ఎదురుగా ఉన్న ప్రధాన చౌకు. కానీ ఆ నేలకు అప్పటికే వేరే కథ ఉంది. స్పెయిన్ సేనలు 1521లో నేలమట్టం చేసిన టెనోచ్టిట్లాన్ నగరం, అంటే అస్టెక్‌ల రాజధాని, ఆ చౌకు కిందే ఉంది. విగ్రహం ఆలోచన పుట్టడానికి కొద్ది ఏళ్ల ముందు, 1790 ఆగస్టులో, చౌకు చదును చేస్తున్న కూలీలకు ఒక భారీ రాతి విగ్రహం దొరికింది. పాముల లంగా కట్టుకుని, మెడలో మనుషుల చేతులూ గుండెకాయలూ గుచ్చిన హారం వేసుకున్న కోవాట్లిక్వే దేవత. అదే ఏడాది డిసెంబరులో, ఇప్పుడు ప్రపంచమంతా ఎరిగిన సూర్యశిల కూడా అక్కడే బయటపడింది. దేవత విగ్రహాన్ని విశ్వవిద్యాలయం ప్రాంగణానికి తరలించారు. స్థానిక జనం వచ్చి పూలూ దీపాలూ పెట్టడం మొదలయ్యేసరికి, కొలుపులు తిరిగి మొదలవుతాయన్న భయంతో అదే ప్రాంగణంలో పూడ్చిపెట్టారు. ఈ ప్రాంగణాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికి వస్తాం.

కింద నుంచి పాత దేవతలు పైకి లేస్తున్న ఆ నేల మీదే పై నుంచి కొత్త రాజు దిగాడు. గుర్రం డెక్క కింద శిల్పి ఒక అమ్ములపొదిని పెట్టాడు. అందులో బాణాలు. ఓడిన స్థానిక రాజ్యాలకు అది గుర్తు అని మెక్సికోలో చాలామంది చదువుతారు. విగ్రహం ఎత్తూ, గుర్రం అందమూ చూస్తూ నిలబడిన మనిషికి ఆ పొది వెంటనే కనబడదు. కనబడ్డాక మాత్రం చూపు మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్తుంది.

తొల్సా

విగ్రహం పని మాన్వెల్ తొల్సాకి అప్పగించారు. ఆయన 1757లో స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో పుట్టాడు. 1791లో మెక్సికోకు వచ్చి, సాన్ కార్లోస్ కళా అకాడమీలో శిల్పశాఖకు అధిపతి అయ్యాడు. శిల్పి, వాస్తుశిల్పి కూడా. మెక్సికో కెథడ్రల్‌ని పూర్తిచేసిన చేయి ఆయనది. గనుల కళాశాల కోసం కట్టిన మినెరియా భవనం ఆయనది.

బ్రాన్సిఫోర్తెకి ఓపిక లేదు. తన పదవీకాలంలోనే ఆవిష్కరణ జరగాలి. కంచు విగ్రహం అంత తొందరగా తెమిలేది కాదు. అందుకని చెక్కతో, గచ్చుతో ఒక తాత్కాలిక విగ్రహం చేసి, పైన బంగారు పూత పూసి, 1796 డిసెంబరు 9న నిలబెట్టారు. రాణి మరియా లూయిసా పుట్టినరోజు అది. చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో పిట్టగోడ, నాలుగు దిక్కులా నాలుగు ఇనుప గేట్లు. 1798లో బ్రాన్సిఫోర్తె వెళ్లిపోయాడు. తాను మొదలుపెట్టించిన కంచు విగ్రహాన్ని అక్కడ నిలబెట్టడం చూడనే లేదు. చెక్కబొమ్మ ఎండకూ వానకూ నానుతూ ఏడేళ్లు నిలబడింది.

తొల్సా నమూనా కోసం నిజం గుర్రాన్నే ఎంచుకున్నాడంటారు. హరాల్ దె బెర్రియో మార్క్విస్ దొడ్డిలోని గుర్రమని, దాని పేరు తంబోర్ అని చెబుతారు. స్పానిష్‌లో తంబోర్ అంటే డోలు. ఈ కథలో ఎంత నిజమున్నా, విగ్రహం చూస్తే నమ్మాలనిపిస్తుంది. చాలా రాజవిగ్రహాల్లో గుర్రం అలంకారంగా ఉంటుంది, లేదా ముందుకాళ్లు గాల్లోకెత్తి నాటకం ఆడుతుంది. ఇది నడుస్తోంది. బరువైన, బలిసిన మెడతో, ముందుకాలు ఒకటీ ఎదురుపక్క వెనుకకాలు ఒకటీ ఎత్తి, తన బరువు తానెరిగినట్టు అడుగు వేస్తోంది. జనం కన్ను రాజును వదిలి గుర్రం మీద నిలవడానికి తొల్సా చేతిపనే మొదటి కారణమని నేననుకుంటాను.

ఒక్క పోతలో

ఈ విగ్రహం గురించి మాట్లాడేవాళ్లంతా ఒక మాట తప్పకుండా చెబుతారు: గుర్రాన్నీ రాజునూ ఒక్క పోతలో పోశారు. అది ఎందుకు అంత గొప్పో తెలియాలంటే పోత ఎలా సాగుతుందో కొంచెం చూడాలి.

ముందు విగ్రహం ఆకారంలో ఒక లోపలి దిమ్మ తయారవుతుంది. దాని మీద కంచు ఎంత మందం కావాలో అంత మందాన మైనం పొర. మైనం మీద శిల్పి సన్నని వివరాలన్నీ తీర్చిదిద్దుతాడు. తర్వాత మైనం నుంచి బయటికి కడ్డీల్లా మైనపు గొట్టాలు అమరుస్తారు. కొన్ని లోహం లోపలికి పోవడానికి, కొన్ని గాలి బయటికి రావడానికి. వీటన్నిటినీ కలిపి మెత్తటి మట్టితో పొరలు పొరలుగా కప్పి, ఇనుప పట్టీలతో బిగిస్తారు. కింద మంట పెడితే మైనం కరిగి కారిపోతుంది. మైనం ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన కంచు.

చిన్న బొమ్మకి ఇది తేలికే. ఐదు మీటర్ల విగ్రహానికి అయితే ఒక్కో దశా ఒక్కో గండం. మూసలో ఎక్కడైనా తడి మిగిలితే వెయ్యి డిగ్రీల లోహం తగలగానే ఆవిరై మూసను పగలగొడుతుంది. గాలి పోవడానికి దారి చాలకపోతే బుడగ చిక్కుకుని, అక్కడ చిల్లు పడుతుంది. లోహం మధ్యలో చల్లబడితే రెండు ప్రవాహాలు కలిసినచోట అతుకు పట్టదు. అందుకే చాలామంది శిల్పులు పెద్ద విగ్రహాన్ని ముక్కలుగా పోసి తర్వాత అతుకుతారు. తొల్సా ఆ దారి పట్టలేదు. ఏళ్ల తరబడి చేసిన పనంతా ఒక్క ఉదయం మీద పెట్టాడు.

సాన్ గ్రెగోరియో కళాశాల తోటలో కొలుములు కట్టారు. పోత పనిలో సల్వదోర్ దె లా వేగా ఆయనకు తోడు. 600 క్వింతాళ్ల లోహం కరిగించారు. అప్పటి స్పానిష్ క్వింతాల్ దాదాపు 46 కిలోలు కాబట్టి 27 టన్నులకు పైమాటే. గొట్టాల్లో మిగిలిపోయేదీ, పొంగిపోయేదీ లెక్కేసుకుని విగ్రహానికి కావలసినదానికన్నా చాలా ఎక్కువ పెట్టుకోవాలి. మధ్యలో లోహం అయిపోతే ఇంకేమీ చేయలేరు. 1802 ఆగస్టు 4 ఉదయం కొలిమి నోరు తెరిచారు. నిమిషాల్లో పని అయిపోయింది. మూస చల్లారడానికి రోజులు పట్టింది. మట్టి పగలగొట్టి చూస్తే విగ్రహం నిండుగా ఉంది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఉలిపని. గొట్టాల మొదళ్లు కోయడం, మచ్చలు పూడ్చడం, మెరుగుపెట్టడం, గుర్రం జూలులో ఒక్కో పాయకూ అంచు తేవడం. ఈ ఏడాది పనిని కూడా గుర్తుంచుకోండి. విగ్రహం పైపొరలో, చర్మం అంత మందాన, ఉన్నది ఆ పనే.

తోట నుంచి చౌకు దాకా లాగడానికి ఐదు రోజులు పట్టింది. 1803 డిసెంబరు 9న, మళ్లీ రాణి పుట్టినరోజునే, కొత్త వైస్రాయ్ ఇతుర్రిగారాయ్ ఆవిష్కరించాడు. ఆ సమయంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్ మెక్సికో సిటీలోనే ఉన్నాడు. రోమ్‌లోని మార్కస్ ఆరేలియస్ విగ్రహం ఒక్కటి మినహాయిస్తే, ఐరోపాలో మిగిలిన ఇలాంటి విగ్రహాలన్నిటికన్నా ఇది అందంలోనూ శైలి శుద్ధిలోనూ పైమెట్టు అని ఆయన రాశాడు. ఈ కితాబు తర్వాతి కాలంలో విగ్రహానికి కవచంలా పనికొచ్చింది.

రాజు పోయాడు, రాగి మిగిలింది

విగ్రహం నిలబడి ఐదేళ్లు తిరగకముందే కార్లోస్ రాజ్యం పోయింది. 1808 మార్చిలో కొడుకు కోసం గద్దె దిగాడు, మే నెలలో నెపోలియన్ ముందు తన హక్కులన్నీ వదులుకున్నాడు. మొదట విగ్రహం తలపెట్టిన బ్రాన్సిఫోర్తె, నెపోలియన్ స్పెయిన్ గద్దె మీద కూర్చోబెట్టిన తన అన్న జోసెఫ్ పక్షాన చేరిపోయాడు. 1810లో మెక్సికోలో తిరుగుబాటు మొదలైంది. 1821లో దేశం స్వతంత్రమైంది.

ఇప్పుడు ఆ చౌకులోని రాజును ఏం చేయాలి? మొదట దొరికిన ఉపాయం అమాయకంగానూ అందంగానూ ఉంది. ఉత్సవాల కోసం విగ్రహం మీద పెద్ద నీలిరంగు గోళం కప్పి దాచేశారు. ఎన్నాళ్లు దాస్తారు? కరిగించి నాణేలో ఫిరంగులో చేద్దామన్న మాటలు లేచాయి. కొత్త ప్రభుత్వం ఖజానా ఖాళీ. అంత కంచు ఊరికే నిలబడి ఉంటే కరిగించాలన్న ఆలోచన రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. అది డబ్బు మాట కూడా, పగ మాట ఒక్కటే కాదు.

ఇక్కడ అడ్డుపడిన మనిషి లూకాస్ అలమాన్. గనుల యజమానుల కుటుంబంలో పుట్టినవాడు, విదేశాంగ వ్యవహారాలు చూసే మంత్రి, సంప్రదాయవాది. 1823లో జనం, టెనోచ్టిట్లాన్‌ను జయించిన స్పెయిన్ సేనాని ఎర్నాన్ కోర్తెస్ సమాధి తవ్వుతారన్న భయం పుడితే ఎముకలను రహస్యంగా తీసి దాచిపెట్టిందీ ఈయనే. అలమాన్‌కు స్పెయిన్ వారసత్వం మీద మమకారం ఉంది. అయినా తొలి అధ్యక్షుడు గ్వాదలూపె విక్తోరియా దగ్గర ఆయన ఆ మమకారాన్ని వాదనగా పెట్టలేదు. ఇది కళాఖండం, కరిగిస్తే మళ్లీ రాదు అన్నాడు. ఆ వాదన గెలిచింది. గెలిచింది కాబట్టే, విగ్రహాన్ని చూసే తీరు అక్కడినుంచి మారిపోయింది. రాజుకు మొక్కడం కోసం పుట్టిన వస్తువు, శిల్పిని మెచ్చుకోవడం కోసం మిగిలింది.

మిగిలిందే గానీ చౌకులో కాదు. 1824 నాటికి దాన్ని విశ్వవిద్యాలయం ప్రాంగణంలోకి చేర్చారు. కోవాట్లిక్వేను పూడ్చిపెట్టిన అదే ప్రాంగణం. హంబోల్ట్ అడిగితే 1803లో ఆ దేవతను ఒకసారి తవ్వి చూపించి మళ్లీ పూడ్చారు. 1823లో ఒక ఇంగ్లిష్ ప్రదర్శకుడు అచ్చు తీసుకోవడం కోసం మళ్లీ పైకి తెచ్చారు. 1825లో జాతీయ మ్యూజియం ఏర్పడింది, దానికి చోటు కూడా విశ్వవిద్యాలయం భవనంలోనే. అలా ఒకే కప్పు పంచను ఇద్దరు: అమ్ములపొదిని తొక్కుతున్న గుర్రం మీద రాజు, ఏ జనం పొదిని అది తొక్కుతోందో ఆ జనం తల్లిదేవత. ఇద్దరినీ జనం కంట పడకుండా దాచడానికే అక్కడికి తెచ్చారు. దేవతను స్పానిష్ ప్రభుత్వం దాచింది, రాజును మెక్సికన్ ప్రభుత్వం దాచింది. ఇద్దరినీ చివరికి మ్యూజియం వస్తువులుగానే వెలుగులోకి తెచ్చారు. ఈ విగ్రహం చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే దశ ఇది.

పీఠం ఒకచోట, విగ్రహం ఒకచోట

రాజు ఖాళీ చేసిన చౌకులో స్వాతంత్ర్య స్మారకం కట్టాలని 1843లో అధ్యక్షుడు సాంతా అన్నా నిర్ణయించాడు. లొరెంసో దె లా ఇదాల్గా అనే వాస్తుశిల్పి నమూనా ఎంపికైంది. పీఠం వరకు కట్టారు, పైన స్తంభం లేవలేదు. పీఠాన్ని స్పానిష్‌లో ‘సోకలో’ అంటారు. ఏళ్ల తరబడి జనం ఆ ఖాళీ పీఠం దగ్గర కలుసుకుని, చౌకునే సోకలో అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు మెక్సికోలో చాలా ఊళ్లలో ప్రధాన చౌకును సోకలో అనే అంటారు. ఆ మాటకు మూలం విగ్రహం లేని ఒక దిమ్మ.

1852లో బుజ్జి గుర్రాన్ని ప్రాంగణం నుంచి బయటికి తెచ్చారు. అప్పట్లో ఊరి అంచున ఉన్న బుకరేలి విహారమార్గం మొదట్లో నిలబెట్టారు. దాని కొత్త పీఠం గీసింది, ఆ సోకలో గీసిన దె లా ఇదాల్గాయే. ‘కళాఖండంగా భద్రపరుస్తోంది’ అన్న వాక్యం బరువు ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. స్వాతంత్ర్యం వచ్చి 31 ఏళ్లయింది. స్వాతంత్ర్య స్మారకం ఇంకా పూర్తికాలేదు, పాత రాజు మాత్రం మళ్లీ వీధికెక్కుతున్నాడు. చూసేవాళ్లకు ఎందుకో చెప్పి తీరాలి.

ఊరు పెరిగింది. 1860లలో ఫ్రెంచి సేనల అండతో కొన్నాళ్లు మెక్సికోను ఏలిన మాక్సిమిలియన్ చక్రవర్తి వేయించిన దారి పాసెయో దె లా రెఫార్మా అనే మహావీథి అయింది. బుజ్జి గుర్రం నిలబడిన కూడలి ఆ వీథికి ముఖద్వారమైంది. 1877లో కొలంబస్ విగ్రహం, 1887లో అస్టెక్‌ల చివరి చక్రవర్తి క్వావుతెమోక్ విగ్రహం, 1910లో స్వాతంత్ర్య స్తంభం ఆ వీథి మీదికి వచ్చాయి. ఆ వరసకు మొదట్లో గుర్రం మీద స్పెయిన్ రాజు.

ఈ కాలంలోనే కార్లోస్ పేరు పూర్తిగా రాలిపోయింది. విగ్రహం ఒక దారి గుర్తు అయింది. ‘గుర్రం దగ్గర కలుద్దాం’, ‘గుర్రం దాటాక ఎడమకు’. రోజూ దాని పక్కనుంచి వెళ్లేవాళ్లకు పైనున్న మనిషి ఎవరో తెలియక్కర్లేదు. ప్రభుత్వం పలక మీద చెక్కించిన మాటను జనం తమ నోటితో, ఇంకా సూటిగా పూర్తిచేశారు.

1979 నాటికి ఆ కూడలిలో వాహనాల రద్దీ భరించలేనంత అయింది. విగ్రహాన్ని ఆ ఏడాది తకూబా వీధికి, ఇప్పుడున్న చోటికి తరలించారు. పాత కూడలి పేరు మాత్రం గుర్రంతోపాటు కదల్లేదు. 1992లో అక్కడ సెబాస్తియాన్ అనే శిల్పి 28 మీటర్ల ఎత్తున పసుపుపచ్చ ఉక్కు గుర్రపుతల నిలబెట్టాడు. భూమి అడుగున పోయే మురుగునీటి కాలువల ఆవిరి బయటికి పోవడానికి అది పొగగొట్టంలా కూడా పనిచేస్తుంది. దాన్ని కూడా కబయీతో అనే అంటారు. దాని మీద రాజు లేడు, రాజును కూర్చోబెట్టే వీపు కూడా లేదు.

ఆసిడ్

2013 సెప్టెంబరులో విగ్రహం చుట్టూ మంచె కట్టారు. పాతబస్తీ నిర్వహణ చూసే నగర పాలన విభాగం ఒక ప్రైవేటు కాంట్రాక్టరుకు శుభ్రం చేసే పని ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే దారిన పోయేవాళ్లు గమనించారు: ముదురు రంగు విగ్రహం మీద పసుపురంగు చారలు దిగుతున్నాయి. ఫోటోలు పాకిపోయాయి. జాతీయ మానవశాస్త్ర, చరిత్ర సంస్థ వచ్చి పని ఆపించింది. 1972 చట్టం ప్రకారం 16 నుంచి 19వ శతాబ్దం దాకా ఉన్న చారిత్రక కట్టడాల మీద చేయి వేయాలంటే ఆ సంస్థ అనుమతి ఉండాలి. అది తీసుకోలేదు. వాడినది నైట్రిక్ ఆసిడ్. విగ్రహం ఉపరితలంలో దాదాపు సగం దెబ్బతిందని నిపుణులు తేల్చారు.

ఎందుకు ఇంత నష్టమో చాలామందికి వెంటనే బోధపడలేదు. కిలుము వదిలిస్తే మంచిదే కదా, లోహం తళతళలాడుతుంది కదా అనిపించడం సహజం. ఇంట్లో రాగి చెంబుకైతే అది నిజమే. కంచు విగ్రహం సంగతి వేరు. గాలి, తేమ తగిలి కంచు పైన ముందు గోధుమరంగు పొర, ఏళ్లు గడిచేకొద్దీ ఆకుపచ్చ కిలుము ఏర్పడతాయి. కొన్ని రకాల కిలుము నిజంగానే లోహాన్ని తింటుంది. కానీ గట్టిగా, ఒత్తుగా, నిలకడగా పట్టిన పొర కింది లోహాన్ని కాపాడుతుంది. నిపుణులు గంటల తరబడి, చోటుచోటునా పరీక్ష చేసి, ఏది చెడ్డదో ఏది రక్షణో విడదీసి, చెడ్డదాన్ని మాత్రం తీస్తారు. నైట్రిక్ ఆసిడ్‌కు ఆ విచక్షణ లేదు. మంచి పొర, చెడ్డ పొర, కింద రాగి, అన్నిటినీ కరిగిస్తుంది. సందుల్లో చిక్కుకున్న ఆసిడ్, మనుషులు పని ఆపేశాక కూడా లోహాన్ని తింటూనే ఉంటుంది.

కరిగిపోయింది ఏమిటి? పోత పోశాక తొల్సా మనుషులు ఏడాదికి పైగా చేసిన ఉలిపని చర్మం అంత మందాన ఉందని పైన చెప్పాను. ఆసిడ్ తగిలింది ఆ చర్మానికి. ఫిరంగులకు కరిగిద్దామన్నవాళ్లు తాకలేకపోయిన దాన్ని, అంతర్యుద్ధాలూ విదేశీ సేనలూ వచ్చిపోయిన శతాబ్దం చెరపలేకపోయిన దాన్ని, కొన్ని రోజుల శుభ్రత చెరిపేసింది. ‘కళాఖండంగా భద్రపరుస్తోంది’ అన్న పలక ఆ మంచె కిందే ఉంది. ఇది రాసేటప్పుడు కూడా నాకు కోపం తగ్గడం లేదు.

తర్వాత దాదాపు నాలుగేళ్లు విగ్రహం ముసుగులోనే ఉండిపోయింది. నిపుణులు లోహం నమూనాలు పరీక్షించారు, లోపలి స్థితి చూశారు, పీఠాన్ని కూడా సరిచేశారు. దెబ్బతిన్న చోట పొరను తిరిగి నిలకడకు తెచ్చి, రక్షణ పూత వేశారు. 2017 జూన్‌లో ముసుగు తీశారు. ఇప్పుడు విగ్రహం ముదురు ఆలివ్ ఆకుపచ్చలో కనిపిస్తుంది. పోయిన లోహం తిరిగి రాలేదు, రాదు కూడా. ఉన్నదాన్ని ఆపగలిగారు.

కొలంబస్ దిగాడు, కార్లోస్ ఎందుకు దిగలేదు

2020 అక్టోబరులో రెఫార్మా వీథి మీది కొలంబస్ విగ్రహాన్ని తీసేశారు. ఆ చోట తర్వాత ‘అమహాక్ యువతి’ అనే స్థానిక స్త్రీమూర్తి ప్రతిని నిలబెట్టారు. మరి కోర్తెస్ ఆక్రమించిన రాజ్యానికి వారసుడిగా, అమ్ములపొదిని తొక్కిస్తూ కూర్చున్న కార్లోస్ జోలికి ఎవరూ అంతగా ఎందుకు వెళ్లలేదు?

ఒక కారణం, కొలంబస్‌ను 1877లో స్వతంత్ర మెక్సికో కోరి నిలబెట్టుకుంది. అంటే గౌరవించడానికి. దాన్ని తీయడమంటే ఆ గౌరవాన్ని వెనక్కి తీసుకోవడం. కార్లోస్ విషయంలో ఆ గౌరవాన్ని ఎప్పుడో, విశ్వవిద్యాలయం ప్రాంగణంలో పెట్టిన నాడే తీసేసుకున్నారు. రెండో కారణం చోటు. మహావీథి మధ్యలో, ఊరేగింపులు సాగే దారిలో ఉండటం వేరు. తకూబా వీధిలో ఒక మ్యూజియం ముంగిట ఉండటం వేరు. 1979లో రద్దీ కోసం జరిపిన విగ్రహం తెలియకుండానే గొడవ దారిలోంచి తప్పుకుంది. మూడో కారణం పేరు. బుజ్జి గుర్రం అని పిలుచుకునే దాని మీద జనానికి కసి పుట్టడం కష్టం.

ఈ మూడింటితోనూ నాకు పూర్తిగా సమాధానం దొరకదు. అమ్ములపొది అక్కడే ఉంది. పేరు మార్చి, చోటు మార్చి, పలక చెక్కించినా డెక్క దాని మీదే ఉంది. ఇది కళ కాబట్టి ఉంచుకుందాం అన్న వాదన నేను కూడా చేస్తాను. చేస్తున్నప్పుడు ఆ పొది వంక చూసి చేయాలని మాత్రం అనుకుంటాను. శిల్పి పనితనం గొప్పదన్న మాట ఎంత నిజమో, ఆ పనితనం ఆ రోజు ఎవరి పనికి వినియోగపడిందో అదీ అంతే నిజం.

ఇప్పుడు విగ్రహానికి ఒక పక్క జాతీయ కళల మ్యూజియం, ఎదురుగా మినెరియా భవనం. తొల్సా గీసి కట్టించిన భవనం ముందే తొల్సా పోసిన గుర్రం నిలబడింది. ఆ చిన్న చౌకుకు రాజు పేరు పెట్టలేదు, గుర్రం పేరు కూడా పెట్టలేదు. బోర్డు మీద ఉన్నది మాన్వెల్ తొల్సా.